మోకాలి నొప్పితో జిమ్‌లో చేరాను: కాళ్ల వ్యాయామం ఎక్కడ మొదలుపెట్టాలి?

మెట్లంటే_భయం

నమస్కారమండీ. వయసు నలభై దాటింది, రోజంతా కుర్చీలోనే ఉద్యోగం. రెండు మోకాళ్లకీ ముందు వైపు, చిప్ప చుట్టూ నొప్పి. మెట్లు ఎక్కేటప్పుడు ఎలాగో నెట్టుకొస్తాను, దిగేటప్పుడు మాత్రం రెయిలింగ్ పట్టుకోందే అడుగు పడదు. చాలాసేపు కూర్చుని లేస్తే మొదటి కొన్ని అడుగులు బిగుసుకుపోయినట్టు ఉంటాయి. దెబ్బ తగల్లేదు, వాపు లేదు, మోకాలు పట్టేయడం లేదు. డాక్టరు గారు చూసి, ఎక్స్‌రే తీయించి, "భయపడేదేమీ లేదు, తొడ కండరాలు బలపడాలి, కాస్త బరువు తగ్గండి" అన్నారు.

సరే అని జిమ్‌లో చేరాను. అక్కడ కొత్తవాళ్లందరికీ ఒకటే మందు: జంప్ స్క్వాట్లు (గుంజీలా కూర్చుని పైకి గెంతడం), ముందుకు అడుగేసి వెనక మోకాలు నేలకి ఆనించే వరసలు, చివర్లో లెగ్ ఎక్స్‌టెన్షన్ (కూర్చుని, బరువుకి ఎదురుగా కాలు ముందుకి చాచే మిషన్). మర్నాడు మెట్లు వెనక్కి తిరిగి దిగాను. ట్రైనర్‌కి చెబితే "నొప్పి ఉంటే కాళ్లు వదిలేయండి సార్, పైభాగం చేసుకోండి" అన్నాడు. డాక్టరేమో తొడలు బలపడాలంటారు, ఈయనేమో కాళ్లే వద్దంటాడు. ఏ మిషన్, ఎంత బరువు, ఎంత నొప్పి వరకూ పర్వాలేదు? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

ఇనుపగుండు

అన్నా, కాళ్ల రోజు ఎగ్గొట్టనీకి మస్తు సాకు దొరికింది మీకు. మజాక్ చేస్తున్న, ఏమనుకోకుండ్రి. మొదటి రోజే జంప్ స్క్వాట్లు పెట్టినోడు ట్రైనర్ ఎట్లయితడు? నా లెక్క జెప్త: లెగ్ ఎక్స్‌టెన్షన్ మిషన్ జోలికే పోకుండ్రి, అది మోకాళ్లను తినేస్తది. స్క్వాట్ కొట్టేటప్పుడు మోకాలు కాలివేళ్లు దాటొద్దు. ఈ రెండు గుర్తు పెట్టుకుంటే చాలు.

అనుమానం_పక్షి

నాదొక మూల సందేహం. టైరు అరిగితే బండి తక్కువ నడుపుతాం గానీ ఇంకా లోడు వేసి తిప్పం కదా. మోకాలు నొప్పి పెడుతుంటే బరువులెత్తమనడం ఏం లాజిక్ అండీ?

కీళ్ల_డ్యూటీ

ఫిజియోథెరపీ నా వృత్తి. మోకాళ్లే ఎక్కువ చూస్తాను. పొడుగ్గా రాస్తున్నాను, ఓపిక ఉన్నవాళ్లు చదవండి.

ముందు పక్షి గారికి. టైరు తనంతట తాను బాగుపడదు, మోకాలు జీవం ఉన్న కణజాలం. ఎముకల చివర ఉండే మృదులాస్థికి రక్తనాళాలు లేవు. దానికి పోషణ కీలులోని ద్రవం నుంచే అందాలి. ఒత్తిడి పడినప్పుడు ద్రవం బయటికి వెళ్లి, ఒత్తిడి తీసేస్తే మళ్లీ లోపలికి వస్తుంది. అంటే కదలికే దానికి తిండి. పైగా, కాలు కింద పడ్డప్పుడు అదురును ముందు పట్టుకోవాల్సింది తొడ కండరం. అది బలహీనపడితే ఆ భారం కీలు మీదికి పోతుంది. కాళ్లు వదిలేస్తే మీరు తప్పించుకునేది నొప్పిని కాదు, కండరాన్ని.

ఇప్పుడు అసలు ప్రశ్న అడిగినవారికి. మీరు చెప్పిన లక్షణాలు (చిప్ప చుట్టూ నొప్పి, దిగేటప్పుడు ఎక్కువ, కూర్చుని లేస్తే బిగుతు) చిప్పకీ తొడ ఎముకకీ మధ్య ఒత్తిడి ఎక్కువైనప్పుడు కనిపించేవి. ఇక్కడ కూర్చుని రోగం పేరు చెప్పలేను గానీ, డాక్టరు పెద్ద సమస్యలు లేవని చెప్పారు కాబట్టి మొదలుపెట్టడానికి అడ్డేమీ లేదు.

ఎంత నొప్పి వరకూ అన్నారు. స్వీడన్ ఫిజియోలు 1997 నుంచి వాడుతున్న పద్ధతి ఒకటుంది, నేనూ అదే వాడతాను. సున్నా నుంచి 10 వరకూ నొప్పికి మార్కులు వేయండి. 2 లోపు ఉంటే నిశ్చింతగా చేయండి. 5 వరకూ ఒప్పుకోవచ్చు, కానీ మర్నాడు పొద్దుటికి అది మామూలు స్థితికి వచ్చేయాలి. 5 దాటితే బరువో, వంపో, సార్లో తగ్గించాలి. చేస్తున్నప్పటి నొప్పి కంటే మర్నాటి పొద్దున్న నొప్పే నిజం చెబుతుంది. కొందరికి జిమ్‌లో అద్భుతంగా ఉంటుంది, ఒళ్లు వేడెక్కి ఉంటుంది కదా, లెక్క మర్నాడు తేలుతుంది. మరొకటి, తొడ మధ్యలో కండరం పట్టేసినట్టు ఉండే నొప్పి వేరు, అది కొత్తవాళ్లకి సహజం. చిప్ప చుట్టూ, కీలు గీత వెంబడి వచ్చేదానికే మార్కులు.

ఇక వ్యాయామాలు. లెగ్ ప్రెస్‌తో (కూర్చుని పాదాలతో బరువు పలకని తోసే మిషన్) మొదలుపెట్టండి. వెన్నుకి ఆసరా ఉంటుంది, బరువు మీ శరీరం కంటే తక్కువ పెట్టుకోవచ్చు, వంపు మీ చేతిలో ఉంటుంది. స్క్వాట్‌కి మొదటి రెండూ ఉండవు, మీ శరీరమే అక్కడ కనీస బరువు. సీటు వెనక్కి జరిపి, మోకాలు 45 డిగ్రీల వంపు దగ్గర ఆగేలా పెట్టుకోండి (కాలు నిటారుగా ఉంటే సున్నా, కుర్చీలో కూర్చున్నట్టు వంగితే 90). పాదాలు పలక మీద కాస్త పైకి పెడితే తుంటి కూడా పని పంచుకుంటుంది. దించేటప్పుడు మనసులో మూడు అంకెలు లెక్కపెట్టండి. తోసేటప్పుడు చివర్లో మోకాలు టప్‌మని బిగించొద్దు. 12 సార్లు చేశాక ఇంకో రెండు మూడు చేయగలను అనిపించే బరువు సరైన బరువు. అలాంటివి రెండు మూడు సెట్లు, వారానికి రెండు మూడు రోజులు, మధ్యలో ఒక రోజు ఖాళీ.

తర్వాత తుంటి. మోకాలికి తుంటితో ఏం పని అనుకోవద్దు. పిరుదు పక్క కండరం బలహీనంగా ఉంటే అడుగు వేసినప్పుడు మోకాలు లోపలికి వాలుతుంది. చిప్ప నొప్పి మీద నిపుణులు 2018లో కలిసి ఇచ్చిన సిఫారసులో కూడా తుంటికీ మోకాలికీ కలిపి చేయించమన్నారు. వెల్లకిలా పడుకుని నడుము ఎత్తే బ్రిడ్జ్, పక్కకి పడుకుని పైకాలు ఎత్తడం, తొడలకి రబ్బరు బ్యాండ్ వేసుకుని పక్కకి అడుగులు. చూడ్డానికి పిల్లల ఆటలా ఉంటాయి, సరిగ్గా చేస్తే 15వ సారికి పిరుదు మండుతుంది.

తొడ వెనక కండరానికి లెగ్ కర్ల్, పిక్కలకి మడమలెత్తడం. వీటికి పెద్ద కథ అక్కర్లేదు, చేసేయండి.

జంప్ స్క్వాట్లు ప్రస్తుతానికి పక్కన పెట్టండి. గెంతి దిగేటప్పుడు పడే భారాన్ని మోయడానికి ముందు బలం కావాలి.

మెట్లంటే_భయం

మేడమ్, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. ధన్యవాదాలు. ఇనుపగుండు గారన్నట్టు లెగ్ ఎక్స్‌టెన్షన్ పూర్తిగా మానేయాలా?

ఇనుపగుండు

మానాలె. మా జిమ్‌ల సీనియర్లు అందరు అదే అంటరు.

కీళ్ల_డ్యూటీ

సీనియర్లు చెప్పేదాంట్లో సగం నిజం ఉంది తమ్ముడూ. మిగతా సగం ఇది.

లెగ్ ప్రెస్, స్క్వాట్ చేసేటప్పుడు పాదం ఆనుకుని ఉంటుంది. నిటారుగా ఉన్నప్పుడు చిప్ప మీద ఒత్తిడి తక్కువ, వంగే కొద్దీ పెరుగుతుంది. లెగ్ ఎక్స్‌టెన్షన్‌లో పాదం గాల్లో ఉంటుంది. అక్కడ వ్యవహారం తలకిందులు: కాలు చాచే కొద్దీ తొడ కండరం ఎక్కువ లాగాలి, అదే సమయంలో చిప్ప తొడ ఎముకని తాకే వైశాల్యం తగ్గిపోతుంది. ఎక్కువ బలం తక్కువ చోట పడుతుంది. 1993లో దీన్ని కొలిచి చూశారు. సుమారు 48 డిగ్రీల వంపు దగ్గర రెండు మిషన్లలోనూ చిప్ప మీద ఒత్తిడి సమానం అవుతుంది. దానికంటే తక్కువ వంపులో లెగ్ ప్రెస్ నయం, ఎక్కువ వంపులో లెగ్ ఎక్స్‌టెన్షన్ నయం.

అందుకే నేను లెగ్ ఎక్స్‌టెన్షన్ మానిపించను. 90 డిగ్రీల నుంచి 45 వరకే చాచమంటాను, పూర్తిగా చాచి పైన ఆపమనను. చాలా మిషన్లలో ఆ హద్దు పెట్టే పిన్ ఉంటుంది. లేకపోతే కంటితో చూసుకుని ఆపాలి. లెగ్ ప్రెస్ 0 నుంచి 45, లెగ్ ఎక్స్‌టెన్షన్ 90 నుంచి 45. రెండూ కలిపితే మొత్తం వంపులో కండరానికి పని దొరుకుతుంది, చిప్పకి చిరాకు తగ్గుతుంది. నొప్పి తగ్గే కొద్దీ ఆ హద్దులు సడలించుకుంటూ పోవాలి. జీవితాంతం సగం సగం చేయమని కాదు.

ఇనుపగుండు

అక్కా, మిషన్ తప్పు కాదు, యాంగిల్ తప్పంటరు. సరే ఒప్పుకున్న. మరి మోకాలు వేళ్లు దాటుడు?

తొడబలం

దీనికి నేను చెబుతాను, నాకిష్టమైన గొడవ ఇది. 2003లో ఏడుగురు మగవాళ్లతో చేసిన చిన్న పరిశీలన ఉంది. మోకాలు ముందుకి వెళ్లకుండా చెక్క అడ్డు పెట్టి బార్‌తో స్క్వాట్ చేయించారు. మోకాలి మీద మెలితిప్పే బలం 150 నుంచి 117 న్యూటన్ మీటర్లకి తగ్గింది. బాగానే ఉంది కదా? కానీ తుంటి దగ్గర 28 నుంచి దాదాపు 303కి ఎగిరింది. శరీరం ముందుకి వాలిపోయింది. అంటే బరువు ఎక్కడికీ పోలేదు, నడుముకీ తుంటికీ బదిలీ అయింది.

మెట్లు దిగేటప్పుడు ఎవరి మోకాలైనా వేళ్లు దాటుతుంది. దాటకుండా దిగి చూపించండి.

ఇనుపగుండు

ఇప్పుడే మెట్ల మీద ట్రై చేసిన. దాటుతుంది. ఇగ మాట్లాడ.

కీళ్ల_డ్యూటీ

తొడబలం గారి మాట సరైనదే, ఒక్క సవరణతో. చిప్ప బాగా చిరాకుగా ఉన్న తొలి వారాల్లో మోకాలిని కాస్త వెనక ఉంచి, పిరుదుని వెనక్కి నెట్టి కూర్చోవడం పనికొస్తుంది. మోకాలికి 33 న్యూటన్ మీటర్లు తగ్గడం కూడా అప్పుడు ఉపశమనమే. నడుము నొప్పి ఉన్నవాళ్లకి మాత్రం ఆ సలహా ఇవ్వను. అది శాశ్వత నియమం కాదు, తాత్కాలిక సర్దుబాటు.

అరవై_దాటిన_యువకుడు

అందరికీ నమస్కారం. నాది అరుగుదల కేసు, అది కూడా ముదిరిందన్నారు. ఎక్స్‌రే చూపించి "ఎముకా ఎముకా రాసుకుంటోంది" అని ఒకాయన అన్నాక చాలాకాలం నడవడానికే భయపడ్డాను. ఆ ఒక్క మాటతో కాలు కదపడం మానేసినవాళ్లు నాకు తెలిసినంతలోనే చాలామంది ఉన్నారు. డాక్టర్లు ఆ మాట అనే ముందు కాస్త ఆలోచిస్తే బాగుండు.

నా అనుభవంలో పనిచేసింది కుర్చీ. జిమ్‌లో బెంచీ మీద పలకలు పేర్చి ఎత్తుగా పెట్టి, దాని మీద కూర్చుని చేతులు ఊతం లేకుండా లేవడం. ఎత్తు ఎంత ఎక్కువైతే అంత తేలిక. తేలికయ్యే కొద్దీ ఒక్కో పలక తీసేస్తూ వచ్చాను. ఇప్పుడు మామూలు కుర్చీ ఎత్తులో చేతిలో చిన్న డంబెల్ పట్టుకుని చేస్తున్నాను. కాలు ఎత్తగలగడం కాదు నాయనా, మెల్లగా కూర్చోగలగడం అసలు బలం. చివర్లో ధబ్‌మని కుర్చీలో పడిపోతున్నారంటే ఎత్తు ఇంకా పెంచాలన్నమాట.

అనుమానం_పక్షి

బాబాయ్ గారూ, ఎక్స్‌రేలో అంత అరుగుదల కనిపిస్తున్నా నొప్పి తగ్గిందా? అదెలా?

కీళ్ల_డ్యూటీ

బొమ్మకీ నొప్పికీ అంత గట్టి బంధం లేదు. 50 దాటినవాళ్లు, ఎక్స్‌రేలో అరుగుదల కనిపించనివాళ్లు 710 మందికి ఎం.ఆర్.ఐ. తీస్తే 89 శాతం మందిలో ఏదో ఒక మార్పు కనిపించింది. 2012లో వచ్చిన ఫలితం ఇది. నొప్పి ఉన్నవాళ్లలోనూ లేనివాళ్లలోనూ ఆ శాతం దాదాపు ఒకేలా ఉంది. కాబట్టి రిపోర్టులో రాసిన ప్రతి మాటా మీ నొప్పికి కారణం కాదు.

అరుగుదలకి బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు (2022) మొదట చెప్పేది వ్యాయామమే. మొదట్లో నొప్పి కాస్త పెరగొచ్చు, కొనసాగిస్తే మేలు అని అందులోనే ఉంది. డెన్మార్క్‌లో 2013 నుంచి ఇలాంటివాళ్లకి ఒక కార్యక్రమం నడుస్తోంది: రెండు అవగాహన తరగతులు, ఆ తర్వాత ఫిజియో దగ్గరుండి చేయించే 12 వ్యాయామ తరగతులు, వారానికి రెండు చొప్పున. మందు లేదు, మిషన్ అద్భుతం లేదు. కూర్చుని లేవడం, మెట్టు ఎక్కడం, ఒంటికాలి మీద నియంత్రణ.

బరువు గురించి కూడా డాక్టరు గారు ఊరికే అనలేదు. మోకాలిలోనే కొలిచే పరికరం అమర్చిన కృత్రిమ కీళ్లతో చూస్తే చదును నేల మీద నడకలో శరీర బరువుకి రెండున్నర రెట్లు, మెట్లు దిగేటప్పుడు సుమారు మూడున్నర రెట్లు పడుతుంది. ఒక కిలో తగ్గితే ప్రతి అడుగుకీ మోకాలి మీద దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతుందని 2005 అధ్యయనంలో తేలింది. రోజుకి వేల అడుగులు వేస్తాం. లెక్క మీరే వేసుకోండి.

సైకిల్_పిచ్చి

వార్మప్ గురించి ఎవరూ మాట్లాడ్డం లేదు, నేను దూరుతున్నా. ట్రెడ్‌మిల్ మీద పరుగు కంటే స్థిర సైకిల్ మంచిది, శరీర బరువు సీటు మోస్తుంది. కానీ జిమ్‌లో నూటికి తొంభై మంది ముందున్నవాడు వదిలిన ఎత్తులోనే ఎక్కి తొక్కేస్తారు. సీటు కిందికి ఉంటే పైకొచ్చినప్పుడు మోకాలు బాగా ముడుచుకుని చిప్ప మీద ఒత్తిడి పడుతుంది. పెడల్ అడుగున ఉన్నప్పుడు మోకాలు 25 నుంచి 35 డిగ్రీల వంపులో ఉండాలి. కొలవడం కష్టమైతే ఇలా చూడండి: మడమ పెడల్ మీద పెట్టి అడుగుకి తొక్కితే కాలు దాదాపు నిటారుగా రావాలి. తర్వాత పాదం ముందు భాగంతో తొక్కితే ఆ చిన్న వంపు దానంతట అదే వస్తుంది. నడుము అటూఇటూ ఊగుతుంటే సీటు మరీ ఎత్తయిందని.

మోకాలి ముందు నొప్పి వచ్చే చాలామందికి సీటు రెండు రంధ్రాలు పైకి జరిపితేనే సగం గోల తగ్గిపోతుంది. గట్టి రెసిస్టెన్స్‌తో నెమ్మదిగా తొక్కొద్దు. తేలిగ్గా, గబగబా, ఐదు నుంచి పది నిమిషాలు.

తొడబలం

నూటికి తొంభై ఎక్కడ లెక్కపెట్టారు స్వామీ?

సైకిల్_పిచ్చి

మాట వరసకి అన్నా. లాగకండి.

చూసి_పోయేదాన్ని

ఎప్పుడూ చదివి వెళ్లిపోతుంటాను, ఈసారి అడగాలనిపించింది. నాకు కుడి మోకాలు మెలిపడింది, కొన్ని గంటల్లోనే బాగా వాచింది. వాపు కొంత తగ్గింది గానీ ఇప్పుడు అప్పుడప్పుడు వంగిన చోటే ఇరుక్కుపోతుంది, కాలు ఊపితే గానీ చాచలేను. నడుస్తుంటే ఒక్కోసారి మోకాలు జారిపోయినట్టు అనిపిస్తుంది. లెగ్ ప్రెస్ తక్కువ బరువుతో మొదలుపెట్టనా?

కీళ్ల_డ్యూటీ

వద్దమ్మా. మీది ఈ చర్చలోని కేసు కాదు. మెలిపడ్డాక గంటల్లోనే వాపు రావడం, మోకాలు ఇరుక్కుపోవడం, జారిపోవడం, ఈ మూడూ లోపల లిగమెంటో (ఎముకలని కలిపి కట్టే పట్టీ), మెనిస్కస్సో (ఎముకల మధ్య ఉండే మెత్తటి దిండు లాంటిది) దెబ్బతిన్న సంకేతాలు కావచ్చు. ముందు ఎముకల డాక్టరుకి చూపించండి. వాపు ఉండగా తొడ కండరాన్ని నరాల వ్యవస్థే అణచి పెడుతుంది, ఎంత ప్రయత్నించినా పూర్తిగా బిగుసుకోదు. అందుకే వాచిన మోకాలితో బరువులు ఎత్తితే లాభం తక్కువ, ప్రమాదం ఎక్కువ.

మిగతావాళ్లూ చూసుకోండి. దెబ్బ తగిలాక నాలుగు అడుగులు కూడా వేయలేకపోవడం, మోకాలు 90 డిగ్రీలు వంగకపోవడం, ఎర్రగా వేడిగా వాచి జ్వరం రావడం, పిక్క ఒక్కసారిగా వాచి నొప్పి పెట్టడం, రాత్రి పడుకున్నా వదలని నొప్పి. వీటిలో ఏదున్నా జిమ్ కాదు, ఆస్పత్రి. మోకాలు నొప్పి అంటూ వచ్చినవాళ్లలో కొందరికి అసలు తగాదా తుంటి కీలులో ఉంటుంది, అది కూడా డాక్టరు పరీక్షలోనే బయటపడుతుంది.

చూసి_పోయేదాన్ని

సరే మేడమ్, ఈ వారమే చూపిస్తాను. ఊరికే ఇంట్లో వాళ్లు కట్టు కట్టి "అదే పోతుంది" అంటుంటే నమ్ముతూ కూర్చున్నా.

బంతాట

నాది చిప్ప కింద, సరిగ్గా నరం దగ్గర, వేలు పెట్టి చూపించగలిగేంత చిన్న చోటు. వాలీబాల్ ఆడతాను. గెంతితే సూదిలా పొడుస్తుంది. పైన చెప్పినవే నాకూ వర్తిస్తాయా?

కీళ్ల_డ్యూటీ

మీరు చూపించే చోట ఉండేది నరం కాదు, చిప్పని కిందికి కట్టే స్నాయువు. దానిది వేరే దారి. కదలకుండా బిగించి పట్టుకునే వ్యాయామం అక్కడ బాగా పనికొస్తుంది. లెగ్ ఎక్స్‌టెన్షన్ మీద మోకాలు సుమారు 60 డిగ్రీల వంపులో ఆపి, గట్టి బరువుతో 45 సెకన్లు పట్టుకోవడం, అలా ఐదు సార్లు, మధ్యలో రెండేసి నిమిషాల విశ్రాంతి. 2015లో వాలీబాల్ ఆటగాళ్లతోనే చేసి చూశారు, చేసిన వెంటనే నొప్పి తగ్గి కొంతసేపు అలాగే ఉంది. అది ఉపశమనం మాత్రమే. ఆ తర్వాత బరువైన, నెమ్మదైన లెగ్ ప్రెస్, చివరికి గెంతడం. మీది విడిగా ఒక చర్చ పెట్టండి, ఇక్కడ కలిపితే రెండూ కలగాపులగం అవుతాయి.

మోడరేటర్

బంతాట గారి ప్రశ్నకి కొత్త చర్చ తెరిచాం. గుళికలు, ఆయిళ్ల ప్రకటనలు పెట్టిన రెండు సందేశాలు తీసేశాం.

అనుమానం_పక్షి

గుళికలంటే గుర్తొచ్చింది, గ్లూకోసమైన్ వాడొచ్చా? మోకాలి తొడుగు వేసుకోవాలా? నాకు వంచితే టకటక శబ్దం కూడా వస్తుంది.

తొడబలం

ఒకేసారి మూడు. గ్లూకోసమైన్ మీద 2006లో పెద్ద ప్రయోగం జరిగింది, మొత్తం మీద ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగని తేలలేదు. తొడుగు వేసుకుంటే వెచ్చగా, ధైర్యంగా ఉంటుంది. వేసుకోండి, అది బలాన్నివ్వదు. శబ్దం నొప్పి లేకుండా వస్తే పట్టించుకోవద్దు, నాకు రెండు మోకాళ్లూ ఏళ్లుగా సంగీతం వాయిస్తున్నాయి.

కీళ్ల_డ్యూటీ

నేనొకటి కలుపుతా. జిమ్‌కి వెళ్లే ముందు నొప్పి మాత్ర వేసుకుని బరువులెత్తొద్దు. పైన చెప్పిన మార్కులన్నీ అబద్ధమైపోతాయి.

మెట్లంటే_భయం

కొన్ని వారాలు గడిచాయి, సంగతులు చెబుదామని వచ్చాను. సైకిల్ సీటు పైకి జరిపాను, తేడా ఆ పూటే తెలిసింది. లెగ్ ప్రెస్ 45 దగ్గర ఆపుతుంటే ట్రైనర్ "హాఫ్ రెప్స్ కొడితే హాఫ్ కాళ్లే వస్తాయి సార్" అని వెక్కిరించాడు. కోణాల సంగతి చెప్పాను. తల ఊపి వెళ్లిపోయాడు గానీ, ఆ మర్నాడు ఇంకొకాయనకి లెగ్ ఎక్స్‌టెన్షన్ పిన్ సరిచేసి పెడుతుంటే చూశాను.

మెట్లు దిగడం మెరుగైంది, రెయిలింగ్ మీద చెయ్యి ఉంటుంది గానీ బరువు వేయడం లేదు. ఒక చిక్కు. బెంచీ ఎత్తు ఒక పలక తగ్గించాను. చేసేటప్పుడు 3 మార్కులే. మర్నాడు పొద్దున్న ఎడమ మోకాలు 5 ఉంది, ఆ పైరోజు గానీ తగ్గలేదు. మళ్లీ మొదటికి వెళ్లాలా? లెగ్ ప్రెస్ కూడా ఆపాలా?

అరవై_దాటిన_యువకుడు

కంగారు పడకండి, నాకు అలాంటి పొద్దులు చాలా వచ్చాయి. పలక మళ్లీ పెట్టేయండి, ఇంకో వారం రెండు వారాలు అదే ఎత్తులో ఉండండి.

కీళ్ల_డ్యూటీ

బాబాయ్ గారు చెప్పిందే. మొదటికి కాదు, ఒక్క మెట్టు వెనక్కి. లెగ్ ప్రెస్ మర్నాడు బాధ పెట్టనప్పుడు దాన్నెందుకు ఆపడం? అది యథాతథంగా సాగనివ్వండి. ఇకపై బరువు, వంపు, సెట్లు, ఈ మూడింటిలో ఒకసారికి ఒక్కటే మార్చండి, అప్పుడే ఏది పడలేదో తెలుస్తుంది. ఆ రోజు బెంచీ ఎత్తు కాకుండా ఇంకేమైనా మారిందా? ఎక్కువసేపు కూర్చున్నారా, ఎక్కువ నడిచారా? మోకాలు జిమ్ భారాన్నీ బయటి భారాన్నీ విడివిడిగా లెక్కపెట్టదు.

మెట్లంటే_భయం

అవునండీ, ఇల్లు సర్దే పని పడింది, పొద్దుట్నుంచి మెట్లు ఎక్కుతూ దిగుతూనే ఉన్నా. అది లెక్కలోకే రాలేదు.

ఇనుపగుండు

అన్నా, అయితే బెంచీది తప్పు కాదు. సామాన్లది.

కీళ్ల_డ్యూటీ

రెండూ కలిశాయి. అలాంటి రోజున కాళ్ల వ్యాయామం మర్నాటికి వాయిదా వేసుకుంటే నష్టం లేదు.

ఇంకోటి, తొందరపడొద్దు. తొలి వారాల్లో పెరిగే బలం ఎక్కువగా నరాలు కండరాన్ని బాగా వాడుకోవడం నేర్చుకోవడం వల్ల వచ్చేది. కండరం నిజంగా పెరగడానికి రెండు మూడు నెలలు పడుతుంది.

మెట్లంటే_భయం

చివరి ప్రశ్న. బార్ భుజాల మీద పెట్టుకుని స్క్వాట్ ఎప్పుడు? ఇంకోటి, మెట్లు దిగడాన్నే వ్యాయామంగా చేయొచ్చా?

కీళ్ల_డ్యూటీ

మెట్లు దిగడం మంచి వ్యాయామం, చిన్న ఎత్తుతో మొదలుపెడితే. పది సెంటీమీటర్ల స్టెప్ మీద ఒంటికాలితో నిలబడి, రెండో కాలి మడమ నేలని తాకేదాకా మెల్లగా దించి, మళ్లీ పైకి. అద్దం ఎదురుగా చేయండి. మోకాలు రెండో వేలి వైపు చూడాలి, లోపలికి వాలితే ఎత్తు తగ్గించండి. మొదట్లో చెయ్యి గోడకి ఆనించుకోండి, సిగ్గు పడాల్సిందేం లేదు.

బార్ విషయానికొస్తే, మామూలు కుర్చీ ఎత్తులో 10 నుంచి 12 సార్లు, చేతిలో డంబెల్‌తో, మర్నాడు నొప్పి పెరగకుండా వరసగా కొన్ని వారాలు చేయగలిగితే అప్పుడు ఖాళీ బార్. డంబెల్ ఛాతీ ముందు పట్టుకునే స్క్వాట్‌తోనే ఆగిపోయినా మోకాలికి లోటేమీ లేదు. బార్ అనేది మీ సరదా, అవసరం కాదు.

ఇనుపగుండు

బార్ సరదా కాదక్కా, జీవితం. సరే, నేను కూడా ఒక పనికొచ్చే మాట జెప్పి పోత. సాయంత్రం పూట లెగ్ ప్రెస్ దగ్గర లైన్ ఉంటది, ముందోడు సీటు మొత్తం ముందుకు గుంజి పెట్టి పోతడు. హడావుడిల అట్లనే కూసుంటే మోకాలు ఛాతీకి తగులుతది. లెగ్ ప్రెస్ సీటు ఏ రంధ్రంల ఉండాలె, సైకిల్ సీటు ఏ నంబర్, ఎక్స్‌టెన్షన్ పిన్ ఎక్కడ, మూడూ ఫోన్ల రాసిపెట్టుకోండ్రి. కూసునే ముందు చూసి సెట్ చేసుకోండ్రి.

మెట్లంటే_భయం

రాసుకున్నానన్నా. మా జిమ్‌లో లెగ్ ప్రెస్ మీద నంబర్లు చెరిగిపోయాయి, వెనక నుంచి లెక్కపెట్టుకోవాలి.